వసంతకు మూడు ఓట్లు

వనపర్తి,
హాస్టలు వరండా నుంచి.

మా నాయినకు,

యమున రాసేది. ఫోను చేయకుండా ఈ ఉత్తరమేంటని విసుక్కోకు. ఇక్కడి ఫోను మెస్ పక్కన గోడకు ఉంటుంది. మాట్లాడేవాళ్ల వెనక వరసలో నిలబడ్డవాళ్లందరికీ మన ఇంటి సంగతులు కంఠతా వచ్చేస్తాయి. మొన్న మన మిరపతోటకు ఆకుముడత వచ్చిందని నువ్వు చెప్పావా, నేను ఫోను పెట్టి తిరిగేసరికి స్వరూప నా వెనకే నిలబడి, "ఏం మందు కొట్టిండ్రు మరి?" అని అడిగింది. దానికి మన తోట మీద ప్రేమేం లేదు నాయినా. నా నోట్లోంచి వచ్చే ఏ మాటనూ జారవిడవకూడదని దాని పట్టుదల. అందుకే కాగితం పట్టాను. అమ్మకు చదివి వినిపించు. తమ్ముడికి మాత్రం వద్దు, వాడికి చెబితే అయిజ సంతలో దండోరా వేసినట్టే.

మా నాగేంద్రమ్మ మేడం గురించి చెప్పాను కదా, జువాలజీ చెబుతారు, హాస్టలు కూడా ఆమే చూస్తారు. దసరా సెలవులు అయిపోయాక ఆమె కొత్త పద్ధతి పెట్టారు. క్లాసంతా నలుగురు నలుగురు చొప్పున జట్లు. జట్టులో ఒక్కొక్కరు ఒక్కో సబ్జెక్టు బాగా చదువుకొచ్చి మిగతావాళ్లకు చెప్పాలి. శనివారం రోజు మేడం మా నలుగురి పేర్లు చీటీల మీద రాసి స్టీలు గ్లాసులో వేస్తారు. ఏ చీటీ వస్తే ఆ పిల్ల బోర్డు దగ్గరికి పోవాలి, మేడం ఏ సబ్జెక్టులో అడిగితే అది చేసి చూపించాలి. ఆమెకు పడ్డ మార్కే నలుగురికీ పడుతుంది. నాకు నూటికి నూరు వచ్చినా, బోర్డు దగ్గర ఇంకొకతె బెల్లం కొట్టిన రాయిలా నిలబడితే నాకూ సున్నానే. ఎట్లుంది న్యాయం?

మా జట్టులో నేను ఫిజిక్స్. స్వరూప కెమిస్ట్రీ. గద్వాల పిల్ల, వాళ్ల నాయినకు చీరల దుకాణం ఉంది. చిన్నప్పటి నుంచి ఇంగ్లీషు మీడియం, నాలుగు రంగుల పెన్నులు, నడిచేటప్పుడు గడ్డం కొంచెం పైకి. నాగర్‌కర్నూల్ నుంచి వచ్చిన జయశ్రీది జువాలజీ. దాన్ని తిట్టినా నవ్వుతుంది, పొగిడినా నవ్వుతుంది, దాని మనసులో ఏముందో దాని కన్నతల్లికి కూడా తెలియదనుకుంటా. నాలుగోది వసంత. అచ్చంపేట దిక్కు పల్లె. వాళ్ల అమ్మానాన్నలు పుణెలో బిల్డింగు పనికి పోతారు. ఆమె కూడా చిన్నప్పుడు వాళ్ల వెంట తిరిగింది కాబట్టి చదువు అక్కడక్కడా తెగిపోయింది. బాటనీ ఇచ్చాం, ఎందుకంటే అది ఎవరైనా చదువుకోవచ్చు. మొదటి శనివారమే గ్లాసులోంచి ఆమె పేరు వచ్చింది. బోర్డు దగ్గర సుద్దముక్క పట్టుకుని అట్లాగే నిలబడిపోయింది. నలుగురికీ సున్నా. ఆ రోజు స్వరూప మెస్‌లో పళ్లెం ముందర నుంచి లేచిపోయింది.

ఇక అసలు విషయం. హైదరాబాదులో నీట్‌కు ప్రత్యేకంగా కోచింగు పెడుతున్నారు, అక్కడే ఉండి చదువుకోవాలి. ఒక్కో జట్టు నుంచి ఒక్కరినే పంపిస్తారట. ఆ ఒక్కరు ఎవరో జట్టు వాళ్లే ఓటు వేసి చెప్పాలట, ఎవరి పేరు వాళ్లు రాసుకోకూడదట. "మీతోటి సదివేటోళ్లకే తెలుస్తది ఎవ్వరికి నిజంగ వస్తదో" అన్నారు మేడం. నాయినా, ఇక్కడున్న పుస్తకాలతో నీట్ రాయడమంటే బోరు లేకుండా వరి నాటడమే. ఆ సీటు వస్తేనే నేను డాక్టరు చదువు మాట ఎత్తగలను. లేకపోతే ఆ మాట ఇక్కడితో అయిపోయినట్టే. ఆ సీటుకు అడ్డం ఎవరంటే స్వరూప ఒక్కతే.

నువ్వు మంచివాడివి, నీకు నచ్చదని తెలుసు, అయినా చెబుతాను. నేను స్వరూపకు ఫిజిక్స్ చెబుతాను, కానీ అంతా చెప్పను. కటకాల లెక్కల్లో అందరూ ప్లస్సు మైనస్సుల దగ్గరే బోల్తా పడతారు. నాకు ఒక పద్ధతి ఉంది. ముందు అంకెలు ముట్టుకోను. వెలుతురు పోయే దిక్కుకు ఒక బాణం గీస్తాను. కటకం నుంచి కొలిచేటప్పుడు బాణానికి ఎదురుగా పోయేదానికల్లా మైనస్ పెడతాను. అంతే, లెక్క తప్పమన్నా తప్పదు. ఆ బాణం సంగతి స్వరూపకు ఎందుకు చెప్పాలి? అదేమన్నా తక్కువ తిన్నదా? కెమిస్ట్రీ చెప్పేటప్పుడు రైలు ఎక్కినట్టు చెప్పేసి, "అర్థమైంది కదా" అని పుస్తకం మూసేస్తుంది. ఏదో దాస్తోందని నాకు తెలుసు, ఏం దాస్తోందో తెలియదు.

వసంతకు మాత్రం బాణంతో సహా అన్నీ చెబుతున్నాను. తప్పదు కదా, మళ్లీ ఆమె పేరు వస్తే అందరం మునుగుతాం. పొద్దున బట్టలు ఉతికే బండల దగ్గర, నల్లా మొత్తం తిప్పి, ఆ చప్పుడులో చెబుతాను. ఒకటే లెక్క ఎన్నిసార్లు చెప్పినా బుర్రకెక్కించుకోకపోతే తిడతాను కూడా. మళ్లీ ఆమె చీటీ ఇంతవరకు రాలేదు కాబట్టి ఏం ఎక్కిందో ఏమో. ఆమెకు చెబితే భయం లేదు. ఆమె నాకు పోటీ కాదు.

జయశ్రీ నాకే ఓటు వేస్తానని నా చేతిలో చెయ్యి వేసి చెప్పింది. వసంత ఎలాగూ నాకే. ఇంక చూసుకో.

మా జట్టులో మొదటిది,
నీ బిడ్డ యమున

*

వనపర్తి.

నాయినా,

ఏం రాయాలో తెలియడం లేదు. పొద్దుటి నుంచి అన్నం పళ్లెం ముందు కూర్చుంటున్నాను, లేస్తున్నాను. ఇది నిజంగా జరిగిందా అని నన్ను నేనే గిచ్చుకున్నాను. జరిగింది.

నిన్న ఓట్లు వేయించారు. అదే స్టీలు గ్లాసు. మా జట్టు వంతు వచ్చింది, నలుగురం తలా ఒక చీటీ మడిచి వేశాం. మేడం మొదటి చీటీ విప్పి "వసంత" అని చదివారు. క్లాసులో ఎవరో కిసుక్కుమన్నారు. నిజం చెబుతున్నా, నాకూ నవ్వొచ్చింది, ఎవరో పాపం జాలిపడి వేశారు అనుకున్నాను. రెండో చీటీ విప్పారు. "వసంత." స్వరూప చేతిలో పెన్ను తిరుగుతూ ఉండింది, అది ఆగిపోయింది. మూడోది విప్పి మేడం కళ్లద్దాలు తీసి తుడుచుకుని మళ్లీ చూశారు. "వసంతనే" అన్నారు. నాలుగో చీటీ మీద నా పేరు ఉంది.

ఒక్కటి నాయినా! నాకు ఒక్క ఓటు. స్వరూపకు ఒక్కటీ లేదు. జయశ్రీకి లేదు. వసంతకు మూడు.

నా చెవుల్లో గుయ్యిమని మోత. పక్కకు చూస్తే స్వరూప ముఖంలో నెత్తురు చుక్క లేదు. జయశ్రీ నవ్వు ముఖం మీద అట్లాగే ఉంది కానీ దాంట్లో నవ్వు లేదు. ముగ్గురం ఒకరినొకరం చూసుకోలేక బల్ల వైపు చూస్తూ కూర్చున్నాం. వసంత లేచి నిలబడి రెండు చేతులతో నోరు మూసుకుంది. "నేనా మేడం? మంచిగ చూసిండ్రా?" అంది. మేడం చీటీలు ఆమె చేతిలో పెట్టారు. అవి పట్టుకుని నన్ను వాటేసుకుని వెక్కి వెక్కి ఏడ్చింది. నా చేతులు ఎటు పెట్టుకోవాలో నాకు తెలియలేదు.

సాయంత్రం ఫోను వరసలో నా ముందు ఆమే ఉంది. పుణెకు చేసింది. "నాయినా, అందరు నాకే ఏసిండ్రు. నేను అడ్గలే. ఆళ్లే ఏసిండ్రు" అంటోంది. అవతల నుంచి వాళ్ల నాయిన, ఆయన పేరు సాంసన్, పక్కనున్నవాళ్లను కేకేసి పిలవడం నాకు కూడా వినిపించింది. నేను వరస వదిలి వచ్చేశాను.

ఇది ఆ ఇద్దరూ కలిసి ఆడిన నాటకం. జయశ్రీ చెయ్యిలో చెయ్యి వేసి ఇంత మోసం చేస్తుందా? బండల దగ్గర నిలదీశాను. "నువ్వు గూడ నాకు ఏస్తనన్నవ్ గద" అని తిరిగి నన్నే అడిగింది. స్వరూప, "నాకు గూడ జయశ్రీ మాటిచ్చింది" అని మీదికి వచ్చింది. కాసేపు జుట్లు పట్టుకోవడం ఒక్కటే తక్కువ. తర్వాత ముగ్గురం అలసిపోయి అదే బండ మీద కూర్చున్నాం. అప్పుడు స్వరూప అంది, "మనల ఎవ్వరు పోయినా సరే గని, వసంత పోతే మన జట్టు ఇజ్జత్ పోతది. ఆడ హైదరాబాద్‌ల బోర్డు ముంగట నిలబడి ఏం జేస్తది?" అది అన్న మాటకు నేను ఔనన్నది జన్మలో ఇదే మొదటిసారి. రేపు ముగ్గురం పోయి మళ్లీ ఓట్లు పెట్టించమని మేడంను అడుగుతాం. మాట్లాడేది నేనే.

నాయినా, నాకు కడుపులో మండిపోతోంది. ఇంత కష్టపడి చదివి, వరండా లైటు కింద కళ్లు పోగొట్టుకుని, చివరికి నన్ను పక్కకు తోసింది ఎవరంటే బోర్డు దగ్గర నోరు తెరవని పిల్లనా? ఈ హాస్టల్లో నాకు ఇంక ఉండబుద్ధి కావడం లేదు.

ఒక్క ఓటు
యమున

*

అయిజ దగ్గరి మన ఊరి నుంచి.

బిడ్డా యమునా,

నీ నాయిన వెంకట్రాములు రాసుడు. నీ ఉత్తరం సదివినంక బుక్క గొంతు దిగలే. నా బిడ్డ కన్న ఎక్క్వ సదివినోళ్లు ఎవరున్నరు ఆడ? గా మేడంకు జర గూడ తెల్వదా? పిల్లల తోటి ఓట్లు ఏయించుడేంది, ఇదేమన్న సర్పంచ్ ఎలక్షనా? నువ్వు పరేషాన్ గాకు. నేను బేస్తారం నాడు వస్త. ఒక్కన్ని గాదు, మన వెంకటన్నను తోల్కొని వస్త. ఆయన మండలంల పెద్ద మనిషి, మాట్లాడితే ఇనని ఆఫీసర్ లేడు. తెల్ల అంగి ఇస్త్రీ గూడ చేపిచ్చిండు.

మందు కొట్టినంక మిరపకు నయమే ఉన్నది. దాని గురించి ఫికర్ జెయ్యకు.

ఇగ మీ అమ్మ ఒక మాట అడ్గమన్నది. నాకైతే అర్థం గాలే, ఆమె చెప్పినట్ల రాస్తున్న. "నలుగురు పిల్లలు, నాలుగు ఓట్లు. ఒగ్గటి యమునకు పడ్డది. మూడు గా పిల్లకు పడ్డయి. ఎవరి పేరు ఆళ్లు రాసుకోవద్దంటివి. గా పిల్ల ఓటు గా పిల్లకు పడదు. అంటే మిగిలిన ముగ్గురు గామెకే ఏసిండ్రు. గా ముగ్గురిల మన యమున లేదా?" అని అడ్గుతుంది. రొట్టె తడ్తనే అడిగింది. నేను ఉత్తరం రెండుసార్లు సదివిన, నువ్వు ఎవరికేసినవో ఏడ రాయలే. మర్సిపోయినవా బిడ్డా?

సరే, బేస్తారం వస్తున్నం. పాణం బాగ చూస్కో.

నీ నాయిన

*

వనపర్తి.

నాయినా,

ఫోనులో "రావద్దు, బస్సెక్కద్దు" అని ఒక్క మాట చెప్పి పెట్టేసినందుకు వెంకటన్న పెద్దనాయినకు ఏం చెప్పుకున్నావో ఏమో. ఇస్త్రీ అంగీ పాపం. ఎందుకు వద్దన్నానో ఇప్పుడు రాస్తున్నాను. అమ్మను పక్కన కూర్చోబెట్టుకుని చదువు, ఎందుకంటే జవాబు ఆమెకే.

అమ్మా, నీ లెక్క సరిపోయింది. ఆ మూడింట్లో ఒకటి నాదే.

నేను వసంత పేరు రాశాను. జయశ్రీకి వేస్తానని మాటిచ్చాను కానీ, వేస్తే అది నన్ను దాటిపోతుందేమోనని భయం. స్వరూపకు వేసే ప్రశ్నే లేదు. నా పేరు రాసుకోవడానికి లేదు. ఇంక మిగిలింది ఎవరు? ఎవరికీ అక్కరకు రాని పేరు, వేసినా నాకు నష్టం లేని పేరు అనుకుని వసంత అని రాశాను. ఓటును చెత్తబుట్టలో వేశానని అనుకున్నాను. స్వరూప కూడా సరిగ్గా అదే ఆలోచించిందట. జయశ్రీ, మేమిద్దరం తనకే వేస్తామని నమ్మి, తన ఓటు మా ఇద్దరిలో ఎవరికీ పనికిరాకుండా వసంతకు పడేసిందట. ముగ్గురం ఎవరికి వాళ్లం తెలివిగలవాళ్లమే. ఆ తెలివంతా ఒక్కచోటికి పోయి పడింది. నీకు ఈ ముక్క రాయకుండా, ఆ ఇద్దరి నాటకమని రాశాను. నువ్వు వెంకటన్నను వెంటబెట్టుకుని బయల్దేరుతానంటే నాకు గుండె ఆగినంత పనైంది. ఆయన వచ్చి మేడంను గట్టిగా అడిగి ఉంటే, మేడం వసంత దగ్గరున్న ఆ చీటీ తెప్పించి చూపిస్తే, దాని మీద నా చేతిరాత చూసి నువ్వు ఏమైపోయేవాడివి?

కానీ నేను వద్దన్నది అందుకు ఒక్కదానికే కాదు. అంతకంటే పెద్దది జరిగింది.

ముగ్గురం మేడం దగ్గరికి పోయాం. మళ్లీ ఓట్లు పెట్టించాలంటే ఇవి ఉత్తుత్తి ఓట్లు అని చెప్పాలి, అట్లా చెబితే మేము అబద్ధం రాశామని ఒప్పుకోవాలి. అది ఎట్లా చెప్పాలో తెలియక నేను గొంతు సవరించుకుని, "మేడం, వసంతకు ఏం రాదు. ఆడికి పోతే ఆమెకే బాధ" అన్నాను. మేడం మా ముగ్గురి ముఖాలూ చూశారు. "ఏం రాదని తెల్సి ఓటెందుకు ఏసిండ్రు?" అని అడిగారు. మా జవాబు కోసం ఆగకుండా వసంతను పిలిపించారు. మా ముందే, "వీళ్లు నీకు రాదంటుండ్రు. ఏమంటవ్ నువ్వు?" అన్నారు. వసంత మా వైపు చూసింది. కోపం లేదు, ఏడుపు లేదు. "బోర్డు మీద పెట్టుండ్రి మేడం. నలుగురికి" అంది.

ఆ గొంతు వసంతదేనా అని నేను తల ఎత్తి చూశాను.

క్లాసంతా కూర్చుంది. మేడం మా నలుగురికీ అవే మూడు ప్రశ్నలు ఇచ్చారు. ఒకటి కటకం లెక్క, ఒకటి కెమిస్ట్రీ, ఒకటి జువాలజీలో వంశవృక్షం. వసంత చదివే బాటనీ వదిలేశారు. ఒకరి తర్వాత ఒకరం లోపలికి వచ్చి చేయాలి, మిగతావాళ్లు బయట ఉండాలి. చేసినవాళ్లు లోపలే కూర్చోవచ్చు. మొదట నేను. ఫిజిక్స్ గీత గీసినట్టు చేశాను. కెమిస్ట్రీ సగంలో దారి తప్పింది. వంశవృక్షంలో రోగం ఎవరి నుంచి ఎవరికి వచ్చిందో తికమకపడ్డాను. స్వరూప కెమిస్ట్రీ అద్భుతంగా చేసింది, ఫిజిక్స్ లెక్కలో ప్లస్సు మైనస్సు తారుమారైంది. దానికి బాణం చెప్పనిది నేనే కదా. ఆ తప్పు చూసి నా మనసు ఉప్పొంగాల్సింది. పొంగలేదు. జయశ్రీ వంశవృక్షం ఒక్కటే చేసింది.

చివరికి వసంత వచ్చింది. సుద్దముక్క తీసుకుంది. కటకం బొమ్మ వేసి, అంకెలు ముట్టుకోకుండా, ముందు ఒక బాణం గీసింది.

నాయినా, నా ఒళ్లు జలదరించింది. బాణం గీసి పైకే అంటోంది, "ముందు దిక్కు చూడు, అంకెలు యాడికి పోవు. ఎదురుంగ ఉన్నదానికల్ల మైనస్. చెవులు గిట్ట పని చేస్తున్నయా లేవా నీకు?" ఆ చివరి మాట నాది. బండల దగ్గర నేను తిట్టే తిట్టు, నా యాసతో సహా. తిట్టును కూడా లెక్కలో భాగమనుకుని నేర్చుకుంది. స్వరూప మెల్లగా నా వైపు తల తిప్పింది. బాణాన్ని చూసి, నన్ను చూసి, మళ్లీ బాణాన్ని చూసింది. నేను తల దించుకున్నాను.

తర్వాత కెమిస్ట్రీ. వసంత బోర్డుకు కుడివైపు చివరికి పోయింది. రావాల్సిన పదార్థాన్ని ముందు అక్కడ రాసింది. అక్కడి నుంచి వెనక్కి, ఇది దేంట్లోంచి వచ్చింది, అది దేంట్లోంచి వచ్చింది అని ఒక్కో మెట్టు దిగుతూ ఎడమవైపుకు వచ్చింది, గడ్డం కొంచెం పైకెత్తి. అచ్చం స్వరూప. స్వరూప దాచింది అదన్నమాట! మాకు మొదటి నుంచి చివరికి చెప్పేది, తను మాత్రం చివరి నుంచి మొదటికి చేసేది. ఈసారి నేను స్వరూప వైపు చూశాను. అది కిటికీ వైపు చూసింది. వంశవృక్షం దగ్గర వసంత నవ్వుతూ, "రోగం లేని తల్లిదండ్రులకు రోగమున్న బిడ్డ పుట్టిందా? ముందుగాల గది ఎతుకు. గది దొరికితే, రోగం లోపల దాగి వచ్చేదన్నట్టు" అంటుంటే, జయశ్రీ మొదటిసారి నవ్వడం మానేసింది.

మూడూ సరిగ్గా వచ్చాయి.

మేడం నమ్మలేక, "ఈ ముగ్గురికి రానియి నీకెట్ల వచ్చినయే?" అని అడిగారు. వసంత సుద్ద చేతులు చున్నీకి తుడుచుకుంది. "ఈళ్లే చెప్పిండ్రు మేడం. యమున బండలకాడ, స్వరూప మెస్ ఎనక, జయశ్రీ మంచం మీద. ఎవ్వరికి చెప్పకు అన్నరు ముగ్గురు. నేను ఎవ్వరికి చెప్పలే" అంది. మా ముగ్గురి వైపు చూపిస్తూ, "ఒగలకొగలు దాసుకున్నయన్ని తెచ్చి నా తాన పెట్టిండ్రు మేడం. నేనేం జెయ్యాలె?" అంది.

నాకు భూమి చీలి లోపలికి పోతే బాగుండుననిపించింది. అవమానం ఒక్కటే కాదు. ఇన్నాళ్లు ఒకే గదిలో పడుకుంటూ, ఒకే బల్ల మీద చదువుతూ, మా జట్టులో మొదటి పిల్ల ఎవరో నాకు తెలియలేదు. బండల దగ్గర నా ముందే కూర్చుని ఉంటే తెలియలేదు. ఇది రాస్తుంటే కూడా నాకు నమ్మకం కుదరడం లేదు.

మరుసటి రోజు పొద్దున ఆమె బట్టలు ఉతుకుతుంటే పక్కన కూర్చున్నాను. నల్లా తిప్పలేదు. "నీకెందుకు ఏసిన్నో తెల్సా?" అని అడిగాను. "తెల్సు" అంది. "ముగ్గురు ఒగలెనక ఒగలు నా తానికొచ్చి, గామెకు ఏయకు గామెకు ఏయకు అంటిరి. ఇగ మీ ముగ్గురికి నేను తప్ప ఎవ్వరు మిగిలిండ్రు? ఓట్లు ఏయకముందే ఎరుకైంది నాకు." మరి ఆ రోజు అంత ఏడ్చావెందుకని అడిగాను. "ఎందుకేసినా ఓటు ఓటే గద. మా నాయినకు చెప్పుకోనీకె నాకు అది చాలు. ఇడిసిపెడ్తనా?" అంది. చొక్కా పిండుతూ నవ్వింది.

నాకు ఒకటి అడగాలని ఉంది, అడగడానికి భయం. చివరికి అడిగాను. "అన్ని తెల్సి నువ్వు నాకెందుకు ఏసినవ్?"

వసంత పిండడం ఆపింది. "స్వరూప ఎప్పుడు గీ మాత్రం నీకు చాలు అంటది. జయశ్రీ నీకు సమజ్ గాకున్నా పర్వాలేదులే అంటది. నువ్వొక్కదానివే నాకు రాకపోతె తిట్టినవ్. వస్తదనుకుంటేనే గద తిడ్తరు" అంది.

అప్పుడు ఏడ్చాను నాయినా. ఓట్ల రోజు రాలేదు ఏడుపు, కోపమే వచ్చింది. ఆ రోజు సబ్బు నురగలో చేతులు పెట్టుకుని ఏడ్చాను. ఆమె అనుకున్నంత మంచిదాన్ని కూడా కాదు నేను. ఆమె చీటీ వస్తే నాకు సున్నా పడుతుందని తిట్టాను. అది కూడా ఆమెకు చెప్పేశాను. "తెల్సులే" అంది. ఇంకేం తెలుసో అడగలేదు.

ఆమె హైదరాబాదు పోయింది. పోయే రోజు పొద్దున మా ముగ్గురినీ బస్టాండుకు రమ్మంది. తన పెట్టె మీద తాను కూర్చుని, మమ్మల్ని ఎదురుగా బెంచీ మీద కూర్చోబెట్టింది. నా బాణం స్వరూపకు, స్వరూప వెనక్కి నడిచే పద్ధతి నాకు, జయశ్రీ వంశవృక్షం ఇద్దరికీ చెప్పింది. మా ఎదురుగానే మా సంగతులు మాకు చెబుతుంటే ముగ్గురం తలలు వంచుకుని విన్నాం. నాగర్‌కర్నూల్ బస్సు కండక్టరు మమ్మల్ని చూసి, "ఏందమ్మ, బస్టాండ్‌ల బడి పెట్టిండ్రా?" అన్నాడు. ఇన్నాళ్ల తర్వాత మా జట్టు నిజంగా కలిసి చదివింది అప్పుడే. చెప్పింది వసంత.

బస్సు ఎక్కుతూ అంది, "ఆడ ఏం చెప్పినా ఉత్తరం రాస్త. ముగ్గురికి కలిపి ఒగ్గటే రాస్త, ముక్కలు ముక్కలు రాయ. కలిసి కూసొని సదువుకోండ్రి."

నాయినా, సీటు పోయింది. పోలేదని అబద్ధం చెప్పను, ఇంకా గుచ్చుకుంటూనే ఉంది. నీట్ ఇక్కడి నుంచే రాస్తాను. నువ్వు వెంకటన్నను తీసుకొచ్చినా ఆ సీటు నాది అయ్యేది కాదు, అది ఆమెదే. ఈసారి ఫోను చేసినప్పుడు వరసలో నా వెనక స్వరూప ఉంటే ఉండనీ, మన తోటకు ఏం మందు కొట్టావో గట్టిగానే చెప్పు.

ఇంక ఆపుతాను. స్వరూప వరండా చివర నుంచి పిలుస్తోంది. హైదరాబాదు నుంచి ఉత్తరం వచ్చిందట. జయశ్రీ కూడా వచ్చేసింది. నేను వచ్చేదాకా విప్పేది లేదని ఇద్దరూ కవరు పట్టుకుని కూర్చున్నారు.

వసంత దగ్గర చదువుకుంటున్న
నీ యమున